ఎల్‌ఈడీ టార్చిలు ఇంకా ఎంత ముందుకెళ్తాయి? ఇప్పుడు కొనాలా, ఆగాలా?

మీరు అడిగినవి మూడు. నాన్నగారు రాత్రిళ్లు వేరుశనగ చేనుకి వెళ్తారు, మంచి టార్చి కావాలి. ఆన్‌లైన్‌లో ఆరేడు వందలకే "లక్ష ల్యూమెన్లు" (ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుతురుకి కొలత) అంటున్నారు, నమ్మొచ్చా అన్నది మొదటిది. లేజర్ టార్చిలు వచ్చేశాయట కదా, ఎల్‌ఈడీల పని అయిపోయినట్టేనా అన్నది రెండోది. రెండు మూడేళ్లు ఆగితే ఇంకా గొప్పవి వస్తాయేమో, ఇప్పుడే కొంటే డబ్బు దండగేమో అన్నది మూడోది. నేను ఎల్‌ఈడీ డ్రైవర్ బోర్డులు, అంటే సెల్లు నుంచి ఎల్‌ఈడీకి వెళ్లే కరెంటుని అదుపు చేసే బోర్డులు, డిజైన్ చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కనిపించిన ప్రతి టార్చినీ విప్పి చూసే అలవాటు కూడా ఉంది. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు మూడో ప్రశ్నకి జవాబు: ఆగక్కర్లేదు. డబ్బా మీద రాసే ల్యూమెన్ల అంకెలో ఇకమీద చెప్పుకోదగ్గ దూకుడేమీ ఉండదు. రాబోయే మార్పంతా ఆ వెలుతురు ఎంతసేపు తగ్గకుండా నిలుస్తుంది, ఎలా పరుచుకుంటుంది, దాని కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయి అన్న చోట్ల జరుగుతుంది. అది కూడా మెల్లగా.

లక్ష ల్యూమెన్ల సంగతి లెక్క వేసి చూద్దాం. టార్చిలో వాడే మంచి ఎల్‌ఈడీ వాటుకి 150 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. లక్ష ల్యూమెన్లకి 660 వాట్లు పైనే కావాలి. అంటే దాదాపు మిక్సీ తాగేంత కరెంటు. ఆ చవక టార్చిలో ఉండేది ఒక్క 18650 సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే లిథియం సెల్లు. అసలు సిసలైన 3,500 ఎంఏహెచ్ సెల్లులో ఉండే శక్తి 12.6 వాట్-అవర్లు. 660 వాట్లు లాగితే నిమిషం దాటగానే ఖాళీ. పైగా 180 ఆంపియర్లు ప్రవహించాలి. ఆ సన్నటి స్ప్రింగు ఎర్రగా కాలిపోతుంది. నిజంగా లక్ష ల్యూమెన్లు ఇచ్చే టార్చి లేకపోలేదు. ఐమాలెంట్ కంపెనీ ఎంఎస్18 చూడండి. అందులో 18 పెద్ద ఎల్‌ఈడీలు, అంతకన్నా కాస్త పెద్దవైన 21700 సెల్లులు ఎనిమిది, చల్లబరచడానికి ఫ్యాన్లు. బరువు రెండు కిలోలకి దగ్గర. అంత సరంజామా ఉన్నా పూర్తి వెలుతురు నిలిచేది నిమిషం అటూ ఇటూ, తర్వాత అదే తగ్గించుకుంటుంది.

ఈ మధ్య ఒకాయన అలాంటి చవక టార్చి తెచ్చిచ్చి "ఇది గంట కూడా రావడం లేదు" అన్నాడు. సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని రాసుంది. ఎంత మంచి కంపెనీ తీసిన 18650 అయినా మూడున్నర వేల నుంచి నాలుగు వేల దగ్గరే ఆగుతుంది. తక్కెడలో పెడితే 31 గ్రాములు తూగింది. అసలుదైతే 45 నుంచి 48 గ్రాములు ఉంటుంది. ఛార్జ్ చేసి కొలిస్తే వెయ్యి ఎంఏహెచ్ కూడా రాలేదు. బోర్డు మీద డ్రైవర్ అనదగ్గదేమీ లేదు, ఒక చిన్న మోడ్ చిప్పు, ఒక ట్రాన్సిస్టరు, అంతే. వెలుతురు ఎంతుంటుందని పందెం కడితే నేను 300 ల్యూమెన్లు అంటాను. మీ ఊళ్లో కిరాణా కొట్టులో నగల తూకం లాంటి చిన్న మెషీన్ ఉంటే, కొన్న సెల్లు తీసుకెళ్లి తూచండి. ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలియదు.

ఇక అసలు ఎల్‌ఈడీ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్ర ఎల్‌ఈడీ చేశాడు. ప్రకాశవంతమైన నీలం దొరకడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజీ నకమురా 1993లో దాన్ని సాధించాడు. మూడేళ్లకి అదే కంపెనీ నీలం చిప్పు మీద పసుపుపచ్చ ఫాస్ఫర్ (నీలం కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మార్చే పదార్థం) పూత పూసి తెల్ల ఎల్‌ఈడీని బజారులో పెట్టింది. నీలం ఎల్‌ఈడీకి 2014లో నకమురాతో పాటు అకసాకి, అమానోలకి నోబెల్ వచ్చింది. ఈరోజుకీ మీ చేతిలో టార్చి అదే పద్ధతిలో వెలుగుతోంది. 2000 ప్రాంతం నుంచి పదిహేనేళ్ల పాటు ప్రతి రెండేళ్లకీ కొత్త ఎల్‌ఈడీ వచ్చి పాతదాన్ని పనికిరాకుండా చేసేది. ఆగితే మంచిది వస్తుందన్న మీ ఆలోచన ఆ రోజుల్లో అయితే నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

ఆ పరుగు ఇప్పుడు నెమ్మదించింది. అమెరికాకి చెందిన క్రీ కంపెనీ 2014లోనే ల్యాబ్‌లో వాటుకి 303 ల్యూమెన్లు చూపించింది, చల్లని తెలుపులో, తక్కువ కరెంటు మీద. అదే ఎల్‌ఈడీని టార్చిలోలాగా గట్టిగా తోస్తే ఆ అంకె రాదు. కారణాలు రెండు. నీలం కాంతిని పసుపుగా మార్చేటప్పుడు దాదాపు ఐదో వంతు శక్తి వేడిగా పోతుంది. ఇది భౌతికశాస్త్రం పెట్టిన పన్ను, ఏ కంపెనీ ఎగ్గొట్టలేదు. రెండోది, చిప్పులోకి కరెంటు పెంచేకొద్దీ దాని సామర్థ్యం పడిపోతుంది. మంచి రంగునిచ్చే ఫాస్ఫర్ ఎల్‌ఈడీకి వాటుకి 250 ల్యూమెన్లు ఒక రకంగా పైకప్పు. ఫాస్ఫర్ లేకుండా ఎరుపు, పచ్చ, నీలం చిప్పులు కలిపి తెలుపు చేస్తే 300 దాటొచ్చు. కానీ పచ్చ చిప్పు సామర్థ్యం నీలం దానికి ఆమడ దూరంలో ఉంది. పరిశోధకులు దీన్ని గ్రీన్ గ్యాప్ అంటారు. అది పూడితే అప్పుడు మాట్లాడుకుందాం.

అంటే ఇప్పటి 150 నుంచి ఎంత కష్టపడ్డా 225, 250. ఒకటిన్నర రెట్లు. మన కన్ను దాన్ని పట్టించుకోదు కూడా. రెండింతలు వెలుతురు ఉన్నట్టు అనిపించాలంటే దాదాపు నాలుగింతల ల్యూమెన్లు పడాలి. మరి ఇందులో సంబరపడడానికేముంది అంటే, వేడి లెక్క చూడండి. ఇక్కడే అసలు మజా ఉంది.

తెల్ల కాంతి ఒక వాటు బయటికి వస్తే అది సుమారు 300 ల్యూమెన్లు. వెయ్యి ల్యూమెన్లు కావాలంటే 3.3 వాట్లు కాంతి రూపంలో వెళ్లాలి. నేటి ఎల్‌ఈడీకి దానికోసం 6.7 వాట్లు ఇస్తున్నాం, మిగతా 3.4 వాట్లు టార్చి ఒంట్లో వేడిగా మిగులుతున్నాయి. రేపు వాటుకి 225 ల్యూమెన్లు వస్తే ఇవ్వాల్సింది 4.4 వాట్లే. వేడిగా మిగిలేది 1.1. సామర్థ్యం ఒకటిన్నర రెట్లే పెరిగింది, వేడి మాత్రం మూడో వంతుకి పడిపోయింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, జేబులో పట్టే టార్చిని ఆపేది ఎల్‌ఈడీ కాదు, వేడి. 18650 సెల్లు పట్టే అల్యూమినియం గొట్టం, 30 డిగ్రీల రాత్రిలో, చెయ్యి కాలకుండా గాలికి వదలగలిగే వేడి మూడు వాట్ల చుట్టూ ఉంటుంది. డ్రైవర్‌లో, లెన్సులో పోయేది కూడా తీసేస్తే, ఎవరెన్ని అంకెలు రాసుకున్నా ఆ సైజు టార్చి నిలకడగా ఇవ్వగలిగేది ఇవాళ ఆరేడు వందల ల్యూమెన్లే. మూడు వేలు, ఐదు వేలు అన్నవన్నీ మొదటి నిమిషం ముచ్చట్లు. ఆ తర్వాత లోపలి సెన్సర్ వేడి చూసి కరెంటు తగ్గించేస్తుంది, సెన్సర్ లేని చవక దాంట్లో ఎల్‌ఈడీ మాడుతుంది. వేడి మూడో వంతుకి తగ్గితే అదే చిన్న గొట్టం ఫ్యాన్ లేకుండా పదిహేను వందలు, రెండు వేల ల్యూమెన్లు గంటల తరబడి ఇవ్వగలదు. రాబోయే పదేళ్లలో నేను నిజంగా ఎదురుచూసేది దీని కోసమే. ప్రకటనల్లో మాత్రం ఇది కనపడదు, ఎందుకంటే పెద్ద అంకె మారదు.

పెద్ద అంకె ఎలా పుడుతుందో కూడా తెలుసుకోండి. మంచి కంపెనీలు ఎఫ్‌ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం కొలుస్తాయి, అది 2009లో వచ్చింది. వెలిగించిన 30 సెకన్ల తర్వాత కొలిచింది ల్యూమెన్లు. ఆ వెలుతురు పదో వంతుకి పడిపోయేదాకా పట్టిన సమయం రన్‌టైమ్. ఈ రెండూ కలిపి చదివితే ఏమవుతుందో చూడండి. నిమిషం పాటు 3,000 ఇచ్చి, ఆపైన ఐదు గంటలు 350 ఇచ్చే టార్చి డబ్బా మీద "3,000 ల్యూమెన్లు, 5 గంటలు" అని రాసుకోవచ్చు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే నేను డబ్బా చూడను, రన్‌టైమ్ గ్రాఫ్ చూస్తాను. గీత అడ్డంగా సాఫీగా వెళ్తే లోపల మంచి డ్రైవర్ ఉన్నట్టు. మొదట్లో జారి, అక్కడి నుంచి చివరిదాకా జారుతూనే ఉంటే సెల్లు ఎంతిస్తే అంత ఎల్‌ఈడీకి పారేసే రకం.

లేజర్ టార్చిల దగ్గరికొద్దాం. బజారులో ఎల్‌ఈపీ అనీ, వైట్ లేజర్ అనీ అంటున్నవి ఇవే. లోపల నీలం లేజర్ డయోడ్ ఒక చిన్న ఫాస్ఫర్ బిళ్ల మీద సూది మొనంత చోట పడుతుంది. అక్కడ పుట్టిన తెల్ల కాంతిని లెన్సు సన్నటి కట్టలా పంపిస్తుంది. మొత్తం ల్యూమెన్లు నాలుగైదు వందలే ఉన్నా కిలోమీటరు దాటి పడుతుంది. దూరం కొట్టడానికి మొత్తం ల్యూమెన్లతో పనిలేదు. వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నది, ఎంత తీవ్రమైనది, ముందున్న అద్దం ఎంత పెద్దది అన్నవే లెక్క. ఎఫ్‌ఎల్1 ప్రకారం బీమ్ దూరమంటే నిండు పున్నమి వెన్నెలంత, అంటే 0.25 లక్స్, వెలుతురు పడే దూరం. బీమ్ మధ్యలో వెలుతురు తీవ్రతని క్యాండెలాల్లో కొలుస్తారు. 10,000 క్యాండెలా ఉంటే 200 మీటర్లు. 400 మీటర్లు కావాలంటే 40,000 ఉండాలి. దూరం రెట్టింపైతే నాలుగింతలు.

మరి ఎల్‌ఈపీ వచ్చి ఎల్‌ఈడీని మింగేస్తుందా? మింగదు. దాంతో నడిచి చూడండి, గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. అర కిలోమీటరు అవతలి కరెంటు స్తంభం కనిపిస్తుంది, కాలి ముందున్న రాయి కనపడదు. పొగమంచు ఉంటే ఆ తెల్ల గీత తప్ప ఇంకేం కనపడదు. కార్లలో ఏం జరిగిందో చూస్తే ఇంకా స్పష్టం. 2014లో బీఎండబ్ల్యూ ఐ8లో లేజర్ హెడ్‌లైట్లు వచ్చినప్పుడు ఇక ఇదే భవిష్యత్తు అన్నారు. ఆ తర్వాత కార్ల కంపెనీలు మొగ్గింది మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీల వైపు, అంటే విడివిడిగా వెలిగించగలిగే చిన్న ఎల్‌ఈడీల గుంపు వైపు. అడవిలో గాలింపుకి, సముద్రం మీద పడవలకి, టవర్లు లైన్లు తనిఖీ చేసేవాళ్లకి ఎల్‌ఈపీ బాగుంటుంది. ఒకే తలలో ఎల్‌ఈడీ, ఎల్‌ఈపీ రెండూ పెట్టినవి ఇప్పటికే ఉన్నాయి, నా ఉద్దేశంలో ఎల్‌ఈపీ అలాగే ఓ మూల ఉండిపోతుంది.

కార్ల మ్యాట్రిక్స్ మాత్రం టార్చిల్లోకి దిగుతుంది. ఏఎంఎస్ ఆస్రామ్ వాళ్ల ఈవియోస్ అనే చిప్పులో 25,600 చుక్కలు ఉంటాయి, ఒక్కోదాన్ని విడిగా వెలిగించొచ్చు, ఆర్పొచ్చు. ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో పడే ముక్కని మాత్రమే చీకటి చేసేస్తుంది. టార్చికి అన్ని చుక్కలు అక్కర్లేదు. తొమ్మిదో, పదహారో చాలు. మధ్యవి వెలిగితే దూరం, చుట్టూవి వెలిగితే విశాలం, ఒక్క బటన్‌తో. ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ టార్చి కాలం దాంతో తీరిపోతుంది. ఆ జూమ్ రకంలో సగం వెలుతురు లోపలే పోతుంది, జరిగే చోటి నుంచి నీళ్లూ దుమ్మూ లోపలికి పోతాయి. ఇదేదో కలగనడం కాదు. ఐఫోన్ 14 ప్రోలో ఫ్లాష్ తొమ్మిది ఎల్‌ఈడీల వరసే. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఆ ఫోన్లలో వేలితో జరిపి టార్చి బీమ్‌ని వెడల్పు చేయొచ్చు, సన్నం చేయొచ్చు. ఫోన్లలో చవకైనది ఏదైనా టార్చిల్లోకి రాక తప్పదు.

రంగు గురించి ఎవరూ అడగరు. మీ అవసరానికి నేనైతే అన్నిటికన్నా ముందు దాన్నే చూస్తాను. మామూలు టార్చిల వెలుతురు నీలం కలిసిన తెలుపు. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో వందకి చెప్పే సీఆర్‌ఐ అనే కొలతలో 70 దగ్గర ఉంటుంది, అందులో ఎరుపు బాగా తక్కువ. దాని కింద గోధుమరంగులన్నీ ఒకే బూడిదలా కలిసిపోతాయి. ఎండిన వేరుశనగ కట్టె మీద రక్తపింజర చుట్టుకుని ఉందనుకోండి. దాని ఒంటి మీది ఎర్రటి గోధుమ వలయాలే దాన్ని పట్టిచ్చేవి. సీఆర్‌ఐ 90 దాటిన, కాస్త పసుపు కలిసిన వెలుతురులో ఆ వలయాలు ముందే కంటికి తగులుతాయి. వెయ్యి ల్యూమెన్ల చల్లని తెలుపు కన్నా 400 ల్యూమెన్ల మంచి రంగు ఆ చోట మేలు. పురుగులు మూగడం కూడా తక్కువ. నిచియా 519ఏ లాంటి ఎల్‌ఈడీలు ఇందుకు పేరుపడ్డాయి.

ఇలాంటి వాటికి ఇన్నాళ్లూ వెలుతురు తగ్గడం అనే జరిమానా ఉంది. ఎరుపు కోసం వాడే ఫాస్ఫర్ కాంతి కన్ను సరిగా చూడలేని ముదురు ఎరుపులోకి కూడా పారి వృథా అవుతుంది. టీవీల్లో వాడే కేఎస్‌ఎఫ్ అనే ఫాస్ఫర్ 630 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతల్లో మాత్రమే ఎరుపునిస్తుంది, వృథా తక్కువ. కాకపోతే తేమ, తీవ్రమైన కాంతి దానికి పడవు, టార్చి ఎల్‌ఈడీలో ఉండేదే తీవ్రమైన కాంతి. దాన్ని గట్టిపరిచే పని కొలిక్కి వస్తే మంచి రంగుకీ ఎక్కువ వెలుతురుకీ మధ్య ఉన్న తగువు తీరుతుంది. ఫాస్ఫర్ బదులు క్వాంటమ్ డాట్లు, పెరోవ్‌స్కైట్లు అనే కొత్త పదార్థాలని వార్తలొస్తుంటాయి గానీ, అవి వేడికి ఇంకా తట్టుకోవు. టార్చి విషయంలో వాటిని వదిలేయండి.

సెల్లుల్లో కదలిక ఉంది. 18650 చాలావరకు మూడున్నర వేల ఎంఏహెచ్ చుట్టూనే ఉండిపోయింది. దాని అన్న 21700 మాత్రం 5,000 నుంచి 6,000కి వచ్చింది, లోపలి యానోడ్‌లో (నెగెటివ్ కొసలో) సిలికాన్ కలపడం పెరుగుతోంది. సోడియం సెల్లులు చవక, చలికి భయపడవు. కానీ అదే సైజులో శక్తి సగం కన్నా తక్కువ, పైగా వాడేకొద్దీ వోల్టేజి రెండుకి, ఇంకా కిందకీ దిగుతుంది. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే మూడు దాకా కావాలి. కాబట్టి వోల్టేజిని పెంచే బూస్ట్ డ్రైవర్ లేకపోతే సోడియం సెల్లులో సగం శక్తి వాడకుండానే మిగిలిపోతుంది. డ్రైవర్లు డిజైన్ చేసే మాలాంటివాళ్లకి ఇంకో పదేళ్లు తిండికి లోటు లేదని నేను నవ్వుకుంటుంటాను.

టెక్నాలజీ కన్నా ఒక చట్టం ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. ఐరోపా యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీల నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. కొన్ని మినహాయింపులున్నాయి. చైనా ఫ్యాక్టరీలు ఐరోపాకి ఒక అచ్చు, మనకి ఒక అచ్చు పోయవు. సెల్లు లోపల అతికించి, అది చచ్చాక టార్చిని చెత్తబుట్టలో వేయించే తీరు దీంతో తగ్గాలి. మన దగ్గర గోడకి గుచ్చే ప్లగ్గు మడతపెట్టి ఉండే లెడ్ యాసిడ్ టార్చిలు ఇంకా దొరుకుతున్నాయి. వాటిని నెలో రెండు నెలలో ఛార్జ్ చేయకుండా వదిలేస్తే బ్యాటరీ గట్టిపడి మళ్లీ కోలుకోదు. ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

నాన్నగారికి ఇప్పుడు కొనాల్సింది ఇలా ఉండాలి. మార్చుకోగలిగే 21700 లేదా 18650 సెల్లు ఒక్కటి. టార్చికే యూఎస్‌బీ-సీ ఛార్జింగ్. కరెంటుని నిలకడగా ఉంచే డ్రైవర్. గంటకు పైగా నిలిచే 400, 500 ల్యూమెన్ల మోడ్. సీఆర్‌ఐ 90, రంగు 4,000 నుంచి 5,000 కెల్విన్ (ఈ అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం). క్యాండెలా 10,000 చుట్టూ ఉంటే చాలు, చేను గట్టు మీద నుంచి మోటారు షెడ్డు దాకా చూడొచ్చు, కాళ్ల దగ్గరా వెలుతురు పరుచుకుంటుంది. మూడు నాలుగు వేలలో ఇలాంటివి దొరుకుతున్నాయి. బటన్ ఒక్కటే ఉండి, ఒకసారి నొక్కితే వెలిగి, ఇంకోసారి నొక్కితే ఆరేది తీసుకోండి. పది రకాల నొక్కుళ్లుంటే పెద్దవాళ్లు విసుక్కుని మళ్లీ ఫోన్ లైటే పట్టుకుపోతారు. ఇంట్లో పాత మూడు సెల్లుల స్టీలు టార్చి ఉంటే దానికి సరిపోయే ఎల్‌ఈడీ బల్బు వేసి అదనంగా ఉంచుకోండి. కానీ అందులో బల్బు వేడి ఒంటికి చేరే దారి లేదు కాబట్టి ఒకటి, రెండు వాట్లకి మించింది వేయకండి.

విడిగా సెల్లు కొంటే దాని మీద ఐఎస్ 16046, దాని కింద ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉన్నాయో లేదో చూడండి. బయటి దేశం నుంచి చుట్టాలు ఎవరైనా తెస్తుంటే విడి లిథియం సెల్లుని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పండి, చేతి సంచిలో ప్లాస్టిక్ డబ్బాలో వేసి తేవాలి. రెండో సెల్లుని వాడకుండా దాచేటప్పుడు నిండా ఛార్జ్ చేయకండి, సగం చాలు. ఎండాకాలం బైకు డిక్కీలో మాత్రం ఉంచొద్దు.